ఉప్పునీటిలో నిలబడ్డ అడవి

ఉప్పెన వచ్చి సముద్రం పొలాల్లోకి పొర్లిన ఏడాది ఏం జరుగుతుందో కోనసీమ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీరు తీసేశాక కూడా ఆ చేలో వరి నిలవదు. మడిలో తడి ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో చస్తున్నట్టే వాడిపోతుంది. నాలుగు మంచి వానలు పడి ఉప్పును కడిగేదాకా ఆ నేలకు కోలుకోవడం ఉండదు.

అదే గోదావరి డెల్టాలో, కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దగ్గర ఆగితే ఇంకో దృశ్యం. రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు ఎక్కి వచ్చి మొదళ్లను ముంచేస్తుంది. అక్కడ గడ్డిపోచ కూడా బతక్కూడదు. కానీ కనుచూపు మేర దట్టమైన పచ్చని అడవి. నీరు పెట్టే చేయి లేదు, ఎరువు వేసే చేయి లేదు. వరిని చంపిన నీరే ఈ చెట్లను ఎందుకు చంపడం లేదు?

చెక్కల దారి మీద

కోరంగి వన్యప్రాణి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ముందు చీలిపోయిన పాయలు, కోరంగి, గాడేరు వంటివి, ఈ అడవి గుండా మెలికలు తిరుగుతూ కాకినాడ అఖాతంలోకి వెళతాయి. దేశంలో మిగిలిన పెద్ద మడ అడవుల్లో ఇదొకటి.

సందర్శకుల కోసం అటవీశాఖ బురద మీదుగా చెక్కల వంతెన దారి వేసింది. దాని మీద నడుస్తుంటే రెండు పక్కలా చెట్లు కమ్ముకుంటాయి. తలెత్తి చూస్తే పెద్దగా వింతేమీ లేదు, మామూలు పచ్చని ఆకులే. తల దించితే తెలుస్తుంది తేడా. బురదలోంచి జానెడు ఎత్తున వేలాది సన్నని పుల్లలు నిటారుగా లేచి ఉంటాయి. కొన్ని చెట్లకు కాండం సగం నుంచే వేళ్లు పుట్టి, వంపు తిరిగి నేలలోకి దిగుతాయి. వాటి మధ్య రొమ్ము రెక్కల మీద దేక్కుంటూ, గెంతుతూ తిరిగే చేపలు, ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెరిగిన పీతలు. గాలిలో కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఈ వాసన కూడా కథలో భాగమే, ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

ఇక్కడి చెట్లకు స్థానికుల పేర్లున్నాయి. తెల్ల మడ, నల్ల మడ, ఉప్పు పొన్న, తిల్ల. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోతుందని పడవ నడిపేవాళ్లు కొత్తవాళ్లను హెచ్చరిస్తారు. అది ఉత్త భయం కాదు. ఆ పాలు కళ్లకు నిజంగానే ప్రమాదకరం.

ఉప్పు ఎలా చంపుతుంది

మాగాయ పెట్టిన ప్రతి ఇంట్లో ఈ ప్రశ్నకు సగం జవాబు ఉంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగుతుంది. చుక్క నీరు పోయకుండానే జాడీలో నీరు చేరుతుంది. అదంతా ముక్కలోని నీరే. కణం గోడకు లోపల ఉప్పు తక్కువ, బయట ఎక్కువ. అలాంటప్పుడు నీరు తక్కువ ఉప్పున్న వైపు నుంచి ఎక్కువ ఉప్పున్న వైపుకు కదులుతుంది.

ఉప్పునీరు నిలిచిన చేలో వరి వేళ్లకు జరిగేదీ అదే. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. వేరు నీటిని లాగాలని చూస్తుంది, బయటి ఉప్పు ఆ నీటిని వదలదు. కొద్దో గొప్పో నీరు లోపలికి వచ్చినా దాంతో పాటు సోడియం వచ్చి ఆకుల్లో పేరుకుంటుంది, కణాల పనిని చెడగొడుతుంది. మొక్కకు ఒకేసారి రెండు దెబ్బలు: దాహం, విషం.

మడ చెట్టు రెండింటినీ తట్టుకోవాలి. తట్టుకునే తీరు జాతిని బట్టి మారుతుంది.

వేరు దగ్గరే వడపోత

ఉప్పు పొన్న పద్ధతి ఇది. నీటిని తీసుకుంటుంది, ఉప్పును దాదాపుగా గడప దాటనివ్వదు. వేరు పొరల్లోనే నూటికి తొంభై పాళ్లకు పైగా లవణం ఆగిపోతుంది. సముద్రంలో నిలబడ్డ ఈ చెట్టు కాండంలో పైకి పారే నీరు దాదాపు మంచినీరే.

ఇది ఎంత కష్టమైన పనో తెలియాలంటే చెన్నైకి దక్షిణాన నెమ్మేలిలో ఉన్న ప్లాంటును తలుచుకోవచ్చు. సముద్రపు నీటిని తాగునీరుగా మార్చడానికి అక్కడ భారీ పంపులతో నీటిని సన్నని పొరల గుండా నెట్టాలి. దానికి బోలెడంత కరెంటు కావాలి. సముద్రపు నీటిలోని ఉప్పు పట్టును ఓడించడానికి కనీసం 25 వాతావరణాల పీడనం పెట్టాలి, ఆచరణలో దానికి రెట్టింపు.

చెట్టుకు పంపు లేదు. అది కింది నుంచి నెట్టదు, పై నుంచి లాగుతుంది. ఎండకు ఆకుల్లోంచి నీరు ఆవిరవుతున్నప్పుడు కాండంలోని సన్నని గొట్టాల్లో ఉన్న నీటి స్తంభం బిగుసుకుని పైకి లాగబడుతుంది. ఆ లాగుడు బలం వేరు దాకా చేరుతుంది. ఆ బలాన్ని మొదటిసారి నమ్మకంగా కొలిచినవారిలో పేర్ షోలాండర్ అనే శాస్త్రవేత్త ఒకరు. ఆయన బృందం 1965లో ప్రచురించిన కొలతల్లో మడ చెట్ల లాగుడు బలం 30 వాతావరణాలు దాటింది, కొన్నింట్లో 60 దాకా ఉంది. సముద్రం పట్టు 25, చెట్టు లాగుడు అంతకన్నా ఎక్కువ. గెలుపు అక్కడే ఉంది. ఎండే ఇంధనం.

తెల్ల మడది మరో దారి. అదీ చాలా ఉప్పును వేరు దగ్గరే ఆపుతుంది. మిగిలినదాన్ని ఆకు మీది సూక్ష్మ గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తుంది. ఎండ పూట ఆకును దగ్గరగా చూస్తే తెల్లని పొడి మెరుస్తుంది. నాలుకకు తగిలిస్తే ఉప్పుప్పగా ఉంటుంది. గాలి, వాన, మంచు ఆ ఉప్పును దులిపేస్తాయి.

ఇంత ఏర్పాటు చూసి మడకు ఉప్పంటే ఇష్టమనుకోకూడదు. చాలా మడ జాతులు నది నీరు కలిసి పలచబడిన ఉప్పునీటిలోనే ఏపుగా పెరుగుతాయి. ఉప్పును వడకట్టడానికి, బయటికి తోయడానికి చెట్టు శక్తి ఖర్చు పెట్టాలి. ఉప్పు పెరిగినకొద్దీ ఆ ఖర్చు పెరిగి ఎదుగుదల తగ్గుతుంది. అందుకే మడ అడవి నది ముఖద్వారాల్లోనే బాగా సాగుతుంది. దానికి సముద్రమూ కావాలి, గోదావరీ కావాలి.

బురదలో ఊపిరి

ఉప్పు సంగతి తేలినా ఇంకో గండం ఉంది. వేళ్లకు కూడా ఊపిరి కావాలి. మామూలు నేలలో మట్టి బెడ్డల మధ్య గాలి ఉంటుంది. ఇక్కడి బంకమట్టిలో ఆ ఖాళీలన్నీ నీటితో నిండి ఉంటాయి. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వచ్చిన కాస్తా పైపొరలోని సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి. అంతకు దిగువన బతికే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కు బదులు సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి. చెక్కల దారి మీద ముక్కుకు తగిలిన కోడిగుడ్డు వాసన అదే. బురద నల్లగా ఉండటానికి కారణం ఆ సల్ఫైడ్ ఇనుముతో కలవడం.

గాలి లేని ఆ నేలలో వేరు బతకాలంటే గాలిని పైనుంచి తెచ్చుకోవాలి. తెల్ల మడ, నల్ల మడ చెట్ల చుట్టూ లేచిన పుల్లలు అందుకే. అవి మొలకలు కావు, పైకి పెరిగిన వేళ్లు, శ్వాస వేళ్లు. రెండు మూడు మీటర్ల ఎత్తు చెట్టు ఒక్కదానికే ఇవి పదివేలు దాటవచ్చు. ప్రతి పుల్ల మీదా కంటికి ఆనీ ఆననంత చిన్న రంధ్రాలుంటాయి. లోపలంతా గాలి గదులతో నిండిన మెత్తని కణజాలం.

ఈ రంధ్రాలే ఊపిరి దారులని రుజువు చేసిందీ షోలాండర్ బృందమే, 1955లో. వాళ్లు చేసిన పరీక్ష ఎవరికైనా అర్థమయ్యేంత సులువు. రంధ్రాలకు గ్రీజు పూసి మూసేశారు. బురద లోపలి వేళ్లలో ఆక్సిజన్ పడిపోయింది.

పోటు వచ్చి పుల్లలు మునిగినప్పుడు ఏమవుతుంది? రంధ్రాలు నీటిని లోపలికి రానివ్వవు. లోపల ఉన్న ఆక్సిజన్‌ను వేరు వాడుకుంటూ పోతుంది. అందులోంచి పుట్టిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో తేలిగ్గా కరిగిపోతుంది. దాంతో లోపలి వాయువు పీడనం తగ్గుతుంది. ఆటు వచ్చి నీరు దిగి రంధ్రాలు గాలికి తేలగానే, ఆ తగ్గిన పీడనం బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. అంటే ఈ అడవి శ్వాసను నడిపేది సముద్రపు ఆటుపోట్లే. నీరు వచ్చి, మళ్లీ పోవాలి. వచ్చి ఉండిపోతే వేరు ఉక్కిరిబిక్కిరై చస్తుంది.

అలాంటి నేలలో విత్తనం నాటుకోవడమూ కష్టమే. ఉప్పు పొన్న దానికీ ఉపాయం కనిపెట్టింది. దాని విత్తనం కొమ్మ మీద ఉండగానే మొలకెత్తుతుంది. మొలక తల్లిచెట్టు నుంచే నీరూ ఆహారమూ తీసుకుంటూ జానెడు, మూరెడు పొడవున పచ్చని కాడగా వేలాడి, సిద్ధమయ్యాక రాలుతుంది. ఆటు వేళ రాలితే కింద బురదలో గుచ్చుకోవచ్చు. పోటు వేళ రాలితే వారాల తరబడి, నెలల తరబడి కూడా తేలుతూ పోయి, లోతు తగ్గిన చోట వేరు వేస్తుంది.

(బాక్సు)
బావురు పిల్లి

కోరంగి అడవిలో అందరూ చూడాలనుకునేదీ, దాదాపు ఎవరికీ కనబడనిదీ బావురు పిల్లి. ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది. పిల్లి జాతుల్లో చాలావాటికి నీరంటే గిట్టదు, దీనికి నీరే వేటస్థలం. వేళ్ల మధ్య పాక్షికంగా చర్మపు పొర ఉంటుంది. బొచ్చు రెండు వరసలు. ఒంటికి అంటుకున్న లోపలి వరస ఎంత దట్టమంటే మునిగినా చర్మానికి సులువుగా తడి తగలదు. రాత్రి పూట పాయ గట్టున కదలకుండా కూర్చుని చేపను పంజాతో లాగుతుంది, అవసరమైతే నీళ్లలోకి దూకుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో ఉంచింది. దేశ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. ఇదే పాయల్లో నీటికుక్కలు గుంపులుగా తిరుగుతాయి. పగటి పూట, అదృష్టం ఉంటే, అవి కనిపించే అవకాశమే ఎక్కువ.

రేవును పూడ్చిన ఒండ్రు

ఈ అడవి పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల ఊరు. ఇక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. ఇక్కడినుంచి బర్మాకు జనం వెళ్లేవారు. రంగూన్‌లో తెలుగు కూలీలను ఏ జిల్లా వారైనా ‘కొరంగీలు’ అనే పిలిచారంటే ఈ రేవు పేరు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. కొద్ది దూరంలో ఫ్రెంచివారి యానాం, ఇంజరంలో ఇంగ్లీషువారి వర్తక స్థావరం. నదీ సంగమాల యాత్ర, సప్తసాగర యాత్ర, మొదలయ్యేదీ ఈ దాపునే, చొల్లంగి అమావాస్య స్నానంతో.

ఈ తీరాన్ని 1789 డిసెంబరులో ఉప్పెన ముంచింది. అలలు ఒకదాని వెనుక ఒకటి మూడు వచ్చాయని నాటి రాతలు చెబుతాయి. 1839 నవంబరు 25న ఇంకో తుఫాను వచ్చింది. ఉప్పెన 40 అడుగులు లేచిందని, మూడు లక్షల మంది పోయారని పుస్తకాల్లో పదేపదే అచ్చయింది. ఊరి పరిమాణాన్ని బట్టి చూస్తే మృతుల అంకె నమ్మశక్యంగా లేదు. కానీ నష్టం మామూలుది కాదన్నది నిజం. ఆ తరువాత కోరంగి పూర్వపు స్థితికి రాలేదు.

రేవును చివరికి ముగించింది మాత్రం గోదావరి తెచ్చిన ఒండ్రు. నది ఇసుకను, బురదను ముఖద్వారంలో దించుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అలలు నైరుతి వైపు నుంచి వచ్చి తీరానికి ఏటవాలుగా తగులుతాయి. ఆ తోపుకు ఇసుక ఉత్తరానికి జరుగుతూ పోతుంది. అలా జరిగి జరిగి, రెండు శతాబ్దాల కాలంలో కాకినాడకు ఎదురుగా సముద్రంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవైన ఇసుక దిబ్బ తయారైంది. అదే హోప్ ఐలాండ్. దాని వెనుక నీరు నెమ్మదించింది. నెమ్మదించిన నీటిలో సన్నని బురద అడుగుకు చేరింది. ఓడలు నడవలేనంతగా నీరు లోతు తగ్గింది. మడ మొలకలకు సరిగ్గా అంత లోతే కావాలి. దిబ్బకు బయటి పక్కన, చలికాలం చివర్లో, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి.

ఉప్పెనకు అడ్డు

కాకినాడ అఖాతం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీరు లోతైన చోట అడుగు నుంచి వెనక్కి మళ్లగలదు. లోతు లేని చోట ఆ దారి ఉండదు, నీరు పైకి లేస్తుంది. తూర్పు తీరంలో ఉప్పెనలు ఇంత ఎత్తు లేవడానికి ఇదొక ముఖ్య కారణం.

లేచిన నీరు మడ అడవిలోకి దూరితే వేళ్లు, పుల్లలు, కాండాలు అడుగడుగునా తగిలి దాని శక్తిని తినేస్తాయి. వంద మీటర్ల మడ అడవి దాటేసరికి మామూలు అలల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని వివిధ దేశాల కొలతలను కలిపి చూసినవారు తేల్చారు. ఉప్పెన విషయంలో అంత ఆశ పెట్టుకోకూడదు. అది గంటల తరబడి లేచి ఉండే నీటిమట్టం. కిలోమీటరు వెడల్పు అడవికి దాని ఎత్తు కొన్ని సెంటీమీటర్ల నుంచి అర మీటరు దాకా తగ్గుతుంది. అంటే సన్నని పట్టీగా నాటిన మడ ఊరిని కాపాడలేదు, వెడల్పు కావాలి.

ఒడిశాలో 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్ తరువాత కేంద్రపడా జిల్లాలోని వందలాది గ్రామాల లెక్కలను సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట మరణాలు తక్కువని 2009లో ప్రచురించారు. ఆ పరిశోధనే ఇంకో మాట కూడా చెప్పింది. అడవి కన్నా ముందస్తు హెచ్చరిక ఎక్కువ ప్రాణాలు కాపాడింది. రెండూ కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదిలేయడానికి లేదు.

నీరు నిలిస్తే

తొంభైల్లో రొయ్యల చెరువుల జోరు తీరమంతా మడను కొరికింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులను నిషేధిస్తూ తీర్పు ఇచ్చాక గానీ వేగం తగ్గలేదు. బాధాకరమైన విషయం ఏమిటంటే, సముద్రంలో గుడ్ల నుంచి వెలువడ్డ టైగర్ రొయ్య పిల్లలు పెరగడానికి వచ్చేది ఇలాంటి పాయల్లోకే. రాలిన మడ ఆకును పీతలు చీలుస్తాయి, సూక్ష్మజీవులు మెత్తబరుస్తాయి, ఆ మెత్తని తిండి మీద రొయ్య పిల్లలు, చేప పిల్లలు, మండపీతలు పెరుగుతాయి. వేళ్ల సందుల్లోకి పెద్ద చేప రాలేదు. మడను నరికి రొయ్యను పెంచడమంటే రొయ్య పుట్టిల్లు కూల్చడమే.

అంతకన్నా పాత గాయం ఒకటుంది. వంటచెరకు కోసం ఒకప్పుడు మడ అడవిని వంతులవారీగా, ఒక్కో భాగాన్ని మొత్తంగా నరికేవారు. మళ్లీ మొలుస్తుందని అంచనా. చాలా చోట్ల మొలవలేదు. ఎందుకని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తమిళనాడు పిచ్చావరంలో, గోదావరి డెల్టాలో వెతికారు. జవాబు విత్తనాల్లో లేదు, నేల వంపులో ఉంది. చెట్టు పోతే నేలకు ఎండ తగిలింది. బంకమట్టి ఎండి కుంచించుకుపోయి మధ్యలో పల్లమైంది. పోటు నీరు ఆ పల్లంలోకి వచ్చింది, ఆటుకు బయటికి పోలేదు. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగిలింది. మర్నాడు మళ్లీ అదే. కొన్నాళ్లకు అక్కడి నేల సముద్రం కన్నా ఉప్పగా తయారైంది, మడ కూడా ఓర్చుకోలేనంత.

వైద్యం ఆ కారణాన్ని బట్టే చేశారు. పల్లం నుంచి పాయ దాకా ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పై నుంచి చూస్తే చేప ముల్లు ఆకారం. పోటుకు కొత్త నీరు వచ్చి ఉప్పును కడిగింది, ఆటుకు తీసుకుపోయింది. కాలువ గట్ల వాలులో మొక్కలు నాటారు. 1990ల చివరి నుంచి అటవీశాఖ, ఊరి సంఘాలు కలిసి కోరంగి పరిసరాల్లో ఈ పద్ధతిలో అడవిని తిరిగి తెచ్చాయి. ఊరివాళ్లు కాలువల్లో పూడిక తీస్తేనే అది నిలుస్తుంది. మడ నాటాం అని ఫొటోలు దిగే కార్యక్రమాలు ఏటా జరుగుతుంటాయి. నీరు వచ్చిపోయే దారి చూడకుండా నాటిన మొక్క బతకదన్నది వాటిలో ఎక్కువగా మరిచిపోయే సంగతి.

ఎగువ నుంచి రానిది

కాలువలతో తీరని సమస్య ఒకటి మిగిలింది. డెల్టా బురదతో పుట్టింది, బురదతోనే నిలుస్తుంది. పేరుకున్న బురద తన బరువుకు తానే కుంగుతుంది కాబట్టి ఏటా కొత్త ఒండ్రు పడుతూ ఉండాలి. ఆనకట్టల వెనుక జలాశయాల్లో ఆ ఒండ్రు ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన లెక్కల ప్రకారం 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 1990లకు అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. డెల్టా అంచున కొన్ని చోట్ల తీరం కోతకు గురై మడ చెట్లు సముద్రంలోకి ఒరిగిపోతున్నాయి. వేసవిలో పాయల్లోకి వచ్చే మంచినీరు కూడా తగ్గింది, ఆ మేరకు ఉప్పు పెరిగింది. అడవి సరిహద్దుకు కంచె వేసి కాపలా పెట్టినా ఇది ఆగదు. ఈ అడవి బతుకు వందల కిలోమీటర్ల ఎగువన గేట్లు తెరిచే నిర్ణయాల్లో కూడా ఉంది. గోదావరి జలాల పంపకాల మాట వచ్చినప్పుడల్లా సముద్రంలోకి పోయే నీరు వృథా అనే వాదన వినిపిస్తుంది. కోరంగి చూసినవారు ఆ మాట అనలేరు.

వెళ్లేవారికి

ఆటు వేళ చూసుకుని వెళ్లాలి. పోటులో వెళితే నీళ్లలో నిలబడ్డ చెట్లే కనిపిస్తాయి. శ్వాస వేళ్లు, పీతలు, గెంతే చేపలు నీరు దిగాకే కంటపడతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ కిందికి దిగుతుంది. ఆటు వేళలు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి కాబట్టి ముందు రోజు పడవ నడిపేవారినో చేపలు పట్టేవారినో అడిగితే సరైన సమయం చెబుతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తర దేశాల వలస పక్షులు అఖాతపు బురద తిన్నెల మీద మేస్తుంటాయి, బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సంచి, సీసా ఒక్కటి కూడా వదలొద్దు. పోటుకు అవి శ్వాస వేళ్ల మధ్య చిక్కుకుంటే మళ్లీ ఆటుకు బయటికి పోవు. పిల్లలు ముచ్చటపడినా చెక్కల దారి దిగి బురదలోకి వెళ్లనివ్వకండి. అక్కడ ఒక్క అడుగు వేస్తే కాలి కింద నలిగేది ఓ చెట్టు ఊపిరి దారులే.